క్రిబ్ గోఖ్ మీద నేనొక్కదాన్నే

క్రిబ్ గోఖ్ అనే కొండ మీద, రెండో రాతికొమ్ము పక్కన నేను చేసిన తప్పు గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ అక్కడిదాకా ఎలా వెళ్లానో చెప్పకపోతే, అలాంటి తప్పు ఎంత తేలిగ్గా జరిగిపోతుందో తెలియదు. అందుకని మొదటి నుంచీ చెప్తాను.

క్రిబ్ గోఖ్ ఉత్తర వేల్స్‌లో ఉంది. వేల్స్‌లోకెల్లా ఎత్తైన కొండ యర్ విద్వా, 1,085 మీటర్లు. చాలామందికి స్నోడన్ అంటేనే తెలుస్తుంది. 2022లో అక్కడి జాతీయ పార్కు వాళ్లు ఇకపై వెల్ష్ పేర్లే వాడాలని తీర్మానించుకున్నారు కాబట్టి నేనూ అదే వాడతాను. ఆ కొండ నుంచి రెండు చేతులు చాపినట్టు రెండు పొడవాటి వెన్నులు, అంటే సన్నటి రాతి గట్లు, తూర్పుకి వస్తాయి. పైనుంచి చూస్తే గుర్రపు నాడాలా ఉంటుంది. దక్షిణం చెయ్యి లివెథ్. ఉత్తరం చెయ్యి చివర ఉన్నది క్రిబ్ గోఖ్, 923 మీటర్లు. వెల్ష్‌లో ఆ పేరుకి ఎర్ర వెన్ను అని అర్థం. పొద్దున్న ఎండ పడినప్పుడు ఆ రాయి నిజంగానే ఎర్రమట్టి రంగులో కనిపిస్తుంది.

దీన్ని ఎక్కడాన్ని స్క్రాంబ్లింగ్ అంటారు. మామూలు నడక కాదు, తాళ్లు కట్టుకుని ఎక్కే క్లైంబింగూ కాదు. చేతులు లేకుండా కుదరదు, తాడు లేకుండా కుదురుతుంది. బ్రిటన్‌లో వీటికి 1, 2, 3 అని గ్రేడ్లు ఇస్తారు. క్రిబ్ గోఖ్‌ది 1. ఒకటే కదా, పిల్లలాటలే అనుకోకండి. పట్టులు ఎంత సులువుగా దొరుకుతాయో ఆ అంకె చెప్తుంది గానీ, జారితే ఎంత కిందికి పోతామో చెప్పదు.

అసలు ఇద్దరం వెళ్లాల్సింది. నాతో కొండలెక్కే స్నేహితురాలికి బయల్దేరే ముందురోజు మోకాలు వాచింది. ట్రైఫాన్ అనే కొండ ఉత్తరపు వెన్ను నాచేత ఎక్కించింది తనే. రాయిని చదవడం నేర్పిందీ తనే. "నలుగురూ తొక్కిన రాయి నున్నగా అద్దంలా ఉంటుంది. చలికాలంలో బూట్లకి ఇనపముళ్లు కట్టుకుని ఎక్కుతారు చూడూ, ఆ ముళ్లు గీసిన తెల్లటి గీతలు కూడా ఉంటాయి. నాచు, గడ్డి కనిపించాయంటే దారి తప్పావని లెక్క" అని ఒకటికి పదిసార్లు చెప్పింది. ఆ మాట వినే వెళ్లాను. వినడం వేరు, అక్కడ గుర్తు రావడం వేరు.

మానుకుందామా అని ఆ సాయంత్రమంతా అనుకున్నాను. బస కేపల్ కూరిగ్ అనే ఊళ్లో ముందే తీసుకున్నాం. సెలవు మళ్లీ దొరకదు. మర్నాటి వాతావరణం ఆ ఏడాదిలో నేను చూసినవాటన్నిటిలోకీ బాగుంది. ఈ మూడింటిలో మొదటి రెండూ కొండ ఎక్కడానికి కారణాలు కావు. డబ్బు పోతుందనీ సెలవు వృథా అవుతుందనీ ఎక్కినవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు. కాబట్టి మూడోదాన్నే గట్టిగా పరీక్షించాను. కొండల కోసమే ప్రత్యేకంగా ఇచ్చే వాతావరణ సూచన చూశాను. కింద ఊళ్లో ఇచ్చేది దేనికీ పనికిరాదు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది, గాలి రెట్టింపు అవుతుంది. పైగా బ్రిటన్‌లో ఎక్కువ వాన పడే చోట్లలో క్రిబ్ గోఖ్ ఒకటి. ఏడాది సగటు 4,400 మిల్లీమీటర్ల పైమాటే. అలాంటి చోట పొద్దున్న నుంచి మూడింటిదాకా వాన లేదు, పైన గాలి గంటకి 15 మైళ్లలోపే అని రాసి ఉంది.

ఒక కాగితం ముక్క మీద మూడు వాక్యాలు రాసి జేబులో పెట్టుకున్నాను. రాయి తడిగా ఉంటే వెనక్కి. నిలబడితే గాలి నన్ను కదిలిస్తే వెనక్కి. తూర్పు వెన్ను పైకి చేరేసరికి పదకొండు దాటితే వెనక్కి. తూర్పు వెన్ను అంటే క్రిబ్ గోఖ్ మీదికి ఎక్కే మొదటి నిటారు భాగం. పక్కన మనిషుంటే "ఏమంటావ్?" అని అడగొచ్చు. ఒక్కళ్లమే ఉన్నప్పుడు ఆ ప్రశ్న ముందురోజు రాత్రే, వెచ్చటి గదిలో కూర్చుని అడిగేసుకోవాలి. అక్కడికెళ్లాక అడిగితే మనకి కావలసిన జవాబే మనం చెప్పుకుంటాం.

తమ్ముడికి ఫోన్ చేసి దారంతా చెప్పాను. ఏ బస్సు, ఎటునుంచి ఎక్కడం, ఎటు దిగడం, జాకెట్ రంగు కూడా.

"అక్కా, నీకేమైనా పిచ్చా?" అన్నాడు.

"పిచ్చి సంగతి తర్వాత. సాయంత్రం ఐదింటిలోపు నేను ఫోన్ చెయ్యకపోతే ఏం చేస్తావో చెప్పు."

"999 కి ఫోన్ చేసి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడుగుతా. రాసుకున్నాలే" అన్నాడు విసుగ్గా. 999 అంటే బ్రిటన్‌లో అత్యవసర నంబర్. ఆ రెస్క్యూ వాళ్లంతా వలంటీర్లు, ఎవరి ఉద్యోగాలు వాళ్లు చేసుకుంటూ పిలిస్తే వచ్చేవాళ్లు. వాళ్లని పిలవాల్సి వస్తే సిగ్గుపడను గానీ, పిలవాల్సిన పని నా చేతులారా తెచ్చుకోకూడదనుకున్నాను. ఇంకో చిన్న సంగతి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట 999 కి మెసేజ్ కూడా పంపొచ్చు, కానీ మన ఫోన్ నంబర్ ముందే రిజిస్టర్ చేసుకుని ఉండాలి. అది ఆ రాత్రే చేశాను. ఇన్నేళ్లుగా ఎందుకు చేయలేదో నాకే తెలియదు.

పొద్దున్నే బస్సు. పెన్ వి గూరిడ్ హోటల్ ముందు నుంచే వెళ్తుంది. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన జట్టు సాధనకి వచ్చి దిగింది అక్కడే. వాళ్ల సంతకాలు ఇప్పటికీ లోపల గది పైకప్పు మీద ఉన్నాయి. అది చూస్తే ఉత్సాహం రావాలి. నాకు మాత్రం పొట్టలో తిప్పింది.

పెన్ వి పాస్ దగ్గర దిగాను. అక్కడే 359 మీటర్ల ఎత్తు. ఎవరికి వాళ్లు బూట్ల తాళ్లు బిగించుకుంటున్నారు. అక్కడి నుంచి పిగ్ ట్రాక్ అనే దారి. ఆ పేరు ఎలా వచ్చిందనే దానికి రెండు మూడు కథలున్నాయి. దారిలో వచ్చే కనుమ పేరు బుల్ఖ్ వి మోఖ్, అంటే పందుల కనుమ, అందుకని ఒకటి. ఇందాకటి హోటల్ పేరుని ఇంగ్లీషులో రాస్తే వచ్చే మొదటి అక్షరాలు P, Y, G అని ఇంకొకటి. నాకైతే పందులే నచ్చాయి. రాళ్లు పరిచిన దారి, మెట్లు మెట్లుగా. ముప్పావు గంటలో కనుమ చేరాను.

అక్కడ దారి రెండుగా చీలుతుంది. జనమంతా ఎడమకి, పిగ్ ట్రాక్ మీదే సాగిపోతున్నారు. క్రిబ్ గోఖ్‌కి కుడివైపు, నేరుగా పైకి. నా ముందు వరసలో వచ్చినవాళ్లు పాతిక మంది ఉంటారు, ఒక్కళ్లూ కుడికి తిరగలేదు. ఎదురుగా తూర్పు వెన్ను గోడలా నిలబడింది. నీళ్లు తాగాను. బ్యాగు పట్టీలు బిగించి, బయట వేలాడేవన్నీ లోపల పెట్టాను. చేతికర్రలు మడిచి బ్యాగులో నిలువుగా కట్టేశాను. చిన్న విషయంలా ఉంటుంది గానీ, రాతి పక్క నుంచి ఒరుసుకుంటూ వెళ్లేటప్పుడు అడ్డంగా పొడుచుకొచ్చిన కర్ర మనిషిని వెనక్కి తోసేస్తుంది. హెల్మెట్ పెట్టుకున్నాను.

మొదట పలుకురాళ్ల దారి. తర్వాత ఒకచోట దారి ఆగిపోయి రాయి మొదలవుతుంది. అక్కడ మొదటిసారి రెండు చేతులూ పైకి వెళ్లాయి. ఆ స్పర్శ ఇప్పటికీ గుర్తుంది. జూన్ నెల, ఎండ కాస్తోంది, అయినా రాయి చల్లగా ఉంది. గరుకుగా, పాత సానరాయిలా ఉంది. వేళ్లు పట్టడానికి ఒక అంచు, సరిగ్గా నాలుగు వేళ్ల వెడల్పు, మధ్యలో అరిగి గుంటలా అయింది. ఎన్ని వేల మంది అదే అంచు పట్టుకుని ఉంటారో. పట్టుకునే ముందు అరచేత్తో రెండుసార్లు తట్టాను. టక్ టక్ అంటే గట్టిది. డొల్లగా మోగితే ముట్టుకోకూడదు. రెండు కాళ్లూ ఒక చెయ్యీ, లేదంటే రెండు చేతులూ ఒక కాలూ, ఎప్పుడూ మూడు రాతి మీద ఉండాలి. ఒక్కటే కదలాలి. ఇది మంత్రంలా లోపల నడుస్తూనే ఉంది.

సగం ఎక్కాక కిందికి చూశాను. అప్పుడు తెలిసింది, వెనక్కి తిరగడమనే మాట కాగితం మీద రాసినంత తేలిక కాదని. ఎక్కేటప్పుడు పట్టులు కళ్లెదురుగా ఉంటాయి. దిగేటప్పుడు కాళ్ల కింద ఎక్కడో ఉంటాయి. అందుకే దీన్ని అందరూ తూర్పు నుంచి పడమటికే చేస్తారు. నా మూడు వాక్యాల కాగితంలో "తూర్పు వెన్ను పైన" అని కాకుండా "తూర్పు వెన్ను కింద" అని రాయాల్సింది. నిర్ణయం తీసుకోవాల్సిన చోటు దాటొచ్చేశాను.

ఆ మాట అనుకుంటూండగానే పైనుంచి ఒక జంట దిగుతూ కనిపించారు. అరవై దాటి ఉంటాయి ఇద్దరికీ. పక్కకి జరిగి దారిచ్చాను. "పైన ఏమైనా ఇబ్బందా అండీ?" అని అడిగితే ఆయన నవ్వి, "కొండకేం ఇబ్బంది లేదమ్మా, ఇవాళ నాకే మనసు ఒప్పుకోలేదు" అన్నాడు. ఆవిడ ఒక్కో అడుగూ ఎక్కడ పెట్టాలో కింద నుంచి చెప్తుంటే ఆయన రాతివైపు ముఖం పెట్టి దిగుతున్నాడు. ఆ రోజంతటిలో నేను చూసిన అతి మంచి స్క్రాంబ్లింగ్ అదే.

పది దాటి ఐదు నిమిషాలకి పైకి చేరాను. నేస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు. గంటకి ఐదు కిలోమీటర్ల నడక, ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట. ఆ లెక్కన నేను ఎప్పుడో చేరాలి. చేతులతో ఎక్కే చోట ఆ లెక్క చెల్లదు, దాన్ని నమ్ముకుని బస్సు టైములు చూసుకోకూడదు.

పైన నిలబడి ముందుకి చూస్తే ఆ వెన్ను కనబడింది.

ఫొటోలు చాలా చూసి ఉన్నాను. ఫొటోలో గాలి ఉండదు, రెండు పక్కలా ఒకేసారి కనబడదు. కుడివైపు, అంటే ఉత్తరానికి, రాయి తెగ్గోసినట్టు కిందికి పోయింది. ఎక్కడ ఆగిందో కనిపించలేదు. ఎడమవైపు వాలు, అదీ నిటారే, కానీ రాళ్లు మెట్లు మెట్లుగా ఉండటంతో కాస్త మర్యాదగా కనిపించింది. చాలా దిగువన లిన్ లిడావ్ చెరువు, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక సన్నటి గట్టు. రాగి గని కోసం 1853లో కట్టింది. మధ్యలో నేను నడవాల్సిన దారి కొన్నిచోట్ల నా పాదమంత వెడల్పు, కొన్నిచోట్ల అదీ లేదు. మనవాళ్లు కత్తి మీద సాము అంటారు కదా, ఆ కత్తి ఇలా ఉంటుందని అప్పుడు చూశాను.

కొందరు దీని మీద నిటారుగా, చేతులు ఊపుకుంటూ నడిచిపోతారు. నాకంత గొప్ప లేదు. శిఖరపు అంచుని రెండు చేతులతో పిట్టగోడలా పట్టుకుని, కాళ్లు మాత్రం అంచుకి కాస్త దిగువన ఎడమ పక్క పెట్టుకుంటూ, పీతలా పక్కకి జరుగుతూ వెళ్లాను. రెండు చోట్ల కూర్చుని జరిగాను. ఎవరూ చూడలేదు. చూసినా అదే చేసేదాన్ని.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. భయం నేను అనుకున్న చోట రాలేదు. అంత సన్నటి అంచు మీద ఉన్నంతసేపూ మనసు నిశ్శబ్దంగా ఉంది. ఒక చెయ్యి, ఒక కాలు, ఆ తర్వాతి రాయి. అంతకుమించి లోకం లేదు. ఒక మాలకాకి ఉత్తరపు లోయలోంచి రెక్కలాడించకుండా పైకి తేలి వచ్చి, నా భుజం ఎత్తులో ఒక క్షణం ఆగి, తల వంచి చూసి వెళ్లిపోయింది. దాని రెక్కల్లో గాలి రాసుకున్న చప్పుడు వినిపించేంత దగ్గర. భయం ఆ వెన్ను ముగిసి, కాస్త వెడల్పు చోటు వచ్చి, ఊపిరి పీల్చుకున్నాక వచ్చింది. మోకాళ్లు వణకడం మొదలైంది. ఎదురుగా రాతికొమ్ములు.

మూడు కొమ్ములు. మొదటి రెండింటినీ ఎడమ పక్క నుంచి చుట్టి, తర్వాత మూడోదానికి ముందున్న సందులోకి ఎక్కి, మూడోదాన్ని కుడివైపు నుంచి ఎక్కాలి. కింద ఉన్నప్పుడు ఇది నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేంత కంఠతా వచ్చు. మొదటి కొమ్ము సరిగ్గానే దాటాను. అక్కడి నుంచి పైకి పోయే దారి కుడిచేతి వైపు ఒక రాతి అంచు మీదుగా ఉంది. అంచు మంచిదే, కానీ దాని అవతల ఏమీ లేదు, ఆకాశమే. ఎడమకి చూస్తే ఒక మట్టి దారి కిందికి, చక్కగా నడిచిన ఆనవాళ్లతో, రాతికొమ్ము పాదం చుట్టూ వెళ్తున్నట్టు ఉంది. బూట్ల అచ్చులు కూడా ఉన్నాయి. నా మోకాళ్లు ఎటు ఓటేశాయో చెప్పక్కర్లేదు.

నిజం చెప్పాలంటే నేను ఆలోచించలేదు. "ఇటే అయ్యుంటుంది" అనుకున్నాను. కొండ మీద "అయ్యుంటుంది" అనే మాట నోట్లోకి వస్తే ఆగిపోవాలి. నేను ఆగలేదు.

పది అడుగులు బాగానే ఉంది. ఇరవైకి మట్టి పోయి వదులు రాళ్లు వచ్చాయి. ఇంకొంచెం దిగితే పక్కకి దారి ఉంటుందనిపించింది. దిగాను. అది సన్నటి రాతి చీలికలోకి తీసుకెళ్లింది. రెండు వైపులా గోడలు, మధ్యలో జారే రాళ్లు. కుడి కాలు ఒక రాయి మీద పెట్టాను. కొబ్బరికాయంత రాయి. అది నెమ్మదిగా, మర్యాదగా నా కాలికింద నుంచి తప్పుకుని వెళ్లిపోయింది. ఒకసారి తగిలిన చప్పుడు. తర్వాత ఇంకోసారి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత ఎక్కడో చాలా కింద చిన్న చప్పుడు. కింద ఎవరైనా ఉంటే వినబడాలని "రాయీ!" అని అరవాలి. తెలుగులో అరిచాను. ఏ భాషలో అరిచానో కూడా తర్వాతగానీ గుర్తుకురాలేదు.

అప్పుడు ఆగాను. చేతులు రెండూ ఎడమ గోడ మీద ఆన్చి ఆ గోడని చూశాను, అరచేతి దూరం నుంచి. బూడిదరంగు రాయి మీద పసుపుపచ్చ మచ్చలు, ఎండిన సున్నపు పొక్కుల్లా. పగుళ్లలో తడి నాచు, మెత్తగా, నొక్కితే నీరు ఊరేంత పచ్చగా. ఒక చిన్న గడ్డి దుబ్బు. గీతలు లేవు. నునుపు లేదు. అంచులన్నీ ఎవరూ ముట్టుకోనట్టు పదునుగా ఉన్నాయి. స్నేహితురాలు పదిసార్లు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది, ఇరవై మీటర్లు ఆలస్యంగా.

మరి పైన ఆ బూట్ల అచ్చులెక్కడివి? అవన్నీ నాలాంటి వాళ్లవే. సరైన దారిలో మనిషి ఒక్కసారే నడుస్తాడు, తప్పుదారిలో రెండుసార్లు. వెళ్లేటప్పుడొకసారి, తెలిసొచ్చాక వెనక్కొకసారి. అందుకే తప్పుదారి అంత బాగా నలిగి, నమ్మకంగా కనిపిస్తుంది.

మెడలో విజిల్ ఉంది. నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్లీ ఊదాలి. ఎవరైనా వింటే మూడుసార్లు ఊది బదులిస్తారు. దాని మీద చెయ్యి వేశాను. ఊదలేదు. ఎందుకంటే నేను ఇంకా ఇరుక్కోలేదు. దిగిన దారి వెనకే ఉంది. ఇంకో పది మీటర్లు దిగి ఉంటే అది కూడా ఉండేది కాదేమో. పైకి మాట్లాడటం మొదలుపెట్టాను, చిన్నపిల్లతో మాట్లాడినట్టు. "సరే, ఏమీ అవలేదు. రెండు చేతులూ ఉన్నాయి. కుడి కాలు ఎక్కడ? ఆఁ, అక్కడ గట్టిగా ఉంది. దాన్ని కదపకు. ఇప్పుడు ఎడమ చెయ్యి." గొంతు బయటికి వినబడితే ఆలోచన నిదానమవుతుంది. లోపలే అనుకుంటే ఒకదాని మీద ఒకటి పడి పరిగెడతాయి.

వచ్చిన దారినే వెనక్కి ఎక్కాను. దిగడానికి మూడు నిమిషాలు పట్టిందేమో, ఎక్కడానికి పావుగంట పట్టింది. ప్రతి రాయినీ తట్టి, లాగకుండా కిందికి నొక్కుతూ పట్టుకున్నాను. వదులు రాయిని మనవైపు లాగితే ఊడి మీద పడుతుంది. మళ్లీ ఆ చీలిన చోటుకి వచ్చి, ఇందాక భయపడ్డ అంచుని చూస్తే నవ్వొచ్చింది. దాని మీద నున్నటి మెరుగు, తెల్లటి గీతలు కొట్టొచ్చినట్టు ఉన్నాయి. పట్టులు మెట్ల చెక్కల్లా పెద్దవి. ఆకాశం పక్కనే ఉన్నమాట నిజమే, కానీ కాలికింద ఉన్నది కదలని రాయి. కిందికి వెళ్తే క్షేమం అని శరీరం చెప్తుంది. మైదానంలో పుట్టి పెరిగిన శరీరం అది, దానికేం తెలుసు.

రెండో కొమ్ము, సందు, మూడో కొమ్ము. మూడోదాని మీద గాలిలోకి ఒక అడుగు వెయ్యాల్సిన చోటుందని అందరూ భయపెడతారు. నాకు అది చాలా ఇష్టంగా గడిచింది. అక్కడి నుంచి కిందికి దిగితే బుల్ఖ్ కోఖ్ అనే కనుమ, గడ్డి. నిజమైన గడ్డి, కూర్చోవడానికి వీలైనది. కూర్చున్నాను. ఒక చాక్లెట్ కాగితం విప్పడానికి మూడుసార్లు ప్రయత్నించాను. వేళ్లు వినలేదు. పళ్లతో చింపాను.

అక్కడి నుంచి క్రిబ్ వి ద్దిస్గిల్ మీదుగా 1,065 మీటర్ల ఎత్తున్న గార్నెద్ ఇగైన్ శిఖరం వరకూ ఇంకా చేతులు వాడే పనే గానీ ఇందాకటి తర్వాత అది పార్కులో నడకలా ఉంది. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మేఘం ఒకటి వచ్చింది, పోయింది.

ఆ తర్వాతది మాత్రం చెప్పాలి. పిగ్ ట్రాక్ వచ్చి కలిసేచోట నిలువెత్తు రాయి పాతి ఉంటుంది. అక్కడ అడుగుపెట్టగానే రైలు కూత వినబడింది. యర్ విద్వా మీదికి 1896 నుంచి పళ్లపట్టాల రైలు నడుస్తోంది. రెండు గంటలు నా ఊపిరి తప్ప ఇంకో చప్పుడు వినని చెవులకి, ఒక్కసారిగా పెట్టె నిండా జనం, పిల్లల ఏడుపులు, శుభ్రమైన బూట్లు. శిఖరం మీది రాతి గుట్ట ఎక్కి ఫొటో దిగడానికి క్యూ. ముందున్నావిడ వెనక్కి తిరిగి, నా మోచేతుల మీది మట్టి, చిరిగిన గ్లవ్ చూసి, "నడిచి వచ్చారా?" అని అడిగింది ఆశ్చర్యంగా. "అవునండీ" అన్నాను. అంతకంటే ఏం చెప్పను. క్యూ పెద్దగా ఉంది, శిఖరం ముట్టుకోకుండానే దిగేశాను. ఇప్పటికీ దానికి చింత లేదు.

తమ్ముడికి పైనుంచే ఫోన్ చేశాను. "ఎలా ఉంది?" అన్నాడు. "బాగుంది, కొంచెం దారి తప్పాను" అన్నాను. "కొంచెం అంటే?" అన్నాడు. ఇరవై మీటర్లన్నాను. "ఓ, అంతేనా" అన్నాడు. అంతే మరి, అడ్డంగా అయితే.

లివెథ్ మీదుగా దిగి గుర్రపు నాడా పూర్తి చెయ్యాలని మొదట అనుకున్నది. కాళ్లలో ఓపిక ఉంది, టైమూ ఉంది. కానీ ఆ రోజుకి నిర్ణయాలు తీసుకునే ఓపిక అయిపోయింది. మెట్లు మెట్లుగా ఉన్న పిగ్ ట్రాక్ మీదే దిగాను. దిగువన గ్లాస్లిన్ చెరువు, రాగి గనుల పక్కన, నీలమో పచ్చో తేల్చుకోలేని రంగులో ఉంది.

పందుల కనుమ ఇంకా కొంత దూరం ఉండగా తలెత్తి చూశాను. నేను పొద్దున్న దాటిన వెన్ను మొత్తం ఆకాశం మీద రంపపు పళ్లలా కనబడుతోంది. దాని మీద చీమల్లా ఐదారుగురు. కొమ్ముల దగ్గర ముగ్గురున్నారు. ఇద్దరు పైన ఆగారు. ఎర్ర జాకెట్ వేసుకున్న ఒకళ్లు ఎడమకి తిరిగి కిందికి దిగడం మొదలుపెట్టారు.

అదే చోటు. అరిచినా వినబడని దూరం. రెండు చేతులూ పైకెత్తి ఊపాను, నాకే నవ్వొచ్చింది. వాళ్లకి నేను కింద దారిలో ఉన్న వందమందిలో ఒక చుక్కని. ఎర్ర చుక్క ఇంకొంచెం దిగింది, ఆగింది. చాలాసేపు కదల్లేదు. నేను కూడా కదల్లేదు. నన్ను దాటి పోతున్నవాళ్లు నేను చూస్తున్న వైపు తలెత్తి చూసి, ఏమీ కనబడక వెళ్లిపోతున్నారు. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం అనుకున్నాను. నాలుగో నిమిషంలో ఎర్ర చుక్క పైకి జరిగింది. మెల్లగా, ఒక్కో రాయీ తడుముకుంటున్నట్టు. మిగతా ఇద్దరి పక్కకి చేరింది. ముగ్గురూ కుడివైపు అంచు మీదికి ఎక్కడం చూశాక ఫోన్ జేబులో పెట్టాను.

నేను పెన్ వి పాస్ చేరేసరికి నా బస్సు వెళ్లిపోయింది. తర్వాతదాని కోసం గోడ మీద కూర్చుని, స్నేహితురాలికి గ్లవ్ ఫొటో తీసి పంపాను. "ఏ కొమ్ము దగ్గర?" అని వెంటనే జవాబు వచ్చింది.